ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందా? కారణం పట్టుకునే పద్ధతి, వరుసగా

ఎండలు ముదిరి కూలర్లు, ఏసీలు మొదలయ్యాయంటే నల్లగొండ నుంచి గద్వాల దాకా అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎంసీబీ ఊకె పడుతుంది. 16ది తీసేసి 32ది ఏయించుకోమంటరా?"

వద్దు. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే దానంతట అదే లైనును ఆపేసే మీట. అది ముఖ్యంగా కాపాడేది గోడలో ఉన్న వైరును. 16 ఆంప్స్‌కు సరిపడే వైరు మీద 32 ఆంప్స్ ఎంసీబీ పెడితే అది పడటం మానేస్తుంది. వైరు మాత్రం గోడలోనే వేడెక్కి, పైన ప్లాస్టిక్ కరిగి, ఏదో ఒక రాత్రి అంటుకుంటుంది. ఎంసీబీని పడకుండా చేయడం ఐదు నిమిషాల పని. ఎందుకు పడుతోందో పట్టుకోవడమే అసలు పని. దానికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పకపోతే చాలా ఇళ్లలో కారణం గంటలోపే దొరుకుతుంది.

ఇందులో సగానికి పైగా పనులు మీటను పైకి, కిందికి జరపడం, ప్లగ్గులు పీకడం మాత్రమే. అవి ఇంట్లోవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు. బోర్డు మూత విప్పాల్సిన పని ఎక్కడ వస్తుందో అక్కడ చెబుతాను. ఆ పనులు ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

1. చేయి పెట్టే ముందు

- చేతులు, నేల పొడిగా ఉండాలి. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి.
- టార్చి దగ్గర పెట్టుకోండి. ఫోను లైటు పట్టుకుని ఒంటి చేత్తో పని చేయవద్దు.
- ఒక కాగితం, పెన్ను.
- ఇంట్లో ఇంకొకరు ఉండాలి. మీరు బోర్డు దగ్గర ఉన్నంతసేపు వాళ్లు ఏ స్విచ్చీ ముట్టుకోవద్దని ముందే చెప్పండి.
- ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి. మెయిన్ ఆఫ్ చేసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

కాలిన వాసన వస్తున్నా, బోర్డు ప్లాస్టిక్ నల్లబడినా, లోపల చిటపట శబ్దం వినిపించినా ఎంసీబీని మళ్లీ పైకి లేపవద్దు. మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ కింద రాసినవేవీ అప్పుడు అవసరం లేదు.

మీటరు, దాని సీలు, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు కరెంటోళ్లవి. వాటి జోలికి పోవద్దు. మీ మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా దానికి మీటరు వైపు నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉండనే ఉంటుంది.

2. పడింది ఏదో ముందు చూడండి

"ఎంసీబీ పడింది" అని అందరూ అంటారు గానీ, బోర్డులో మూడు రకాల మీటలు ఉంటాయి. ఏది పడిందన్న దాన్ని బట్టి దారి మారిపోతుంది.

- ఎంసీబీ: సన్నగా, ఒక్కో గదికో లైనుకో ఒకటి. దాని మీద సీ6, సీ10, సీ16 లాంటి గుర్తు ఉంటుంది (అక్షరం దాని రకం, అంకె ఆంప్స్). లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడుతుంది.
- ఆర్‌సీసీబీ: వెడల్పుగా ఉంటుంది, 'టీ' అని రాసిన చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. 30 మిల్లీ ఆంప్స్ అని రాసి ఉంటుంది. కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకో మనిషిలోకో పోతుంటే పడుతుంది. మన దగ్గర చాలామంది దీన్ని ఈఎల్‌సీబీ అంటారు.
- ఐసోలేటర్: ఉత్త మెయిన్ స్విచ్. దానంతట అది పడదు.

ఎంసీబీ పడితే 4వ మెట్టుకు, ఆర్‌సీసీబీ పడితే 7వ మెట్టుకు వెళ్లండి. రెండూ కలిసి పడితే షార్ట్ అయి, అది ఎర్త్‌కు కూడా తగిలి ఉండే అవకాశం ఎక్కువ.

3. ఎప్పుడు పడుతోందో రాసుకోండి

రెండు రోజులు ఓపిక పట్టి రాసుకుంటే సగం కారణం కాగితం మీదే తేలిపోతుంది. పడిన సమయం, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి, వాన పడిందా, లేపగానే నిలిచిందా, ఇవి చాలు.

- లేపగానే టక్కున పడితే: షార్ట్.
- ఒక స్విచ్ వేసినప్పుడే పడితే: ఆ లైనుదో, ఆ వస్తువుదో తప్పు.
- పావుగంట, అరగంట నడిచాక పడితే: లోడు ఎక్కువ, లేదా స్క్రూ వదులు.
- పొద్దున స్నానాల వేళ పడితే: ముందు గీజర్‌ను అనుమానించండి.
- మోటరు వేసిన క్షణంలో పడితే: 8వ మెట్టు చూడండి.
- వాన పడ్డాకే పడితే: 9వ మెట్టు.
- మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్యే పడితే: బోర్డు మీద పడమటి ఎండ పడుతోందేమో చూడండి.

చివరిది చాలామందికి తట్టదు. ఎంసీబీల లెక్కంతా 30 డిగ్రీల వేడి దగ్గర కట్టింది. నల్లగొండలో, మిర్యాలగూడలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలుంటే, ఎండ పడే గోడకు బిగించిన మూసిన డబ్బాలో ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. ఆ వేడిలో 16 ఆంప్స్ ఎంసీబీ తన లెక్క కంటే ముందే పడుతుంది. ఇది ఎంసీబీ తప్పు కాదు. డబ్బాకు నీడ కల్పించాలి, లేదా లోడు తగ్గించాలి.

4. ఎంసీబీ పడితే: విడదీసి చూడటం

ఇక్కడ వరుస ముఖ్యం. తొందరపడి మధ్యలోంచి మొదలుపెట్టకండి.

1) పడిన ఎంసీబీ లైను మీద ఏయే గదులు, ఏయే ప్లగ్గులు ఉన్నాయో చూడండి. కరెంటు రానివన్నీ ఆ లైనువే.

2) ఆ లైనులో ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు బయటికి రావాలి. లైట్లు, ఫ్యాన్ల స్విచ్‌లన్నీ ఆపండి.

3) రెండు మూడు నిమిషాలు ఆగండి. లోడు వల్ల పడిన ఎంసీబీ లోపల పట్టీ వేడెక్కి ఉంటుంది. చల్లారకముందు లేపితే నిలవదు, పాడైపోయిందని పొరబడతారు.

4) మీటను పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి లేపండి. కొన్ని ఎంసీబీలు పడినప్పుడు మీట మధ్యలో ఆగుతుంది. కిందికి నొక్కకుండా లేపితే పట్టుకోదు. లేపేటప్పుడు మొహం బోర్డుకు ఎదురుగా కాకుండా పక్కకు పెట్టండి.

5) అన్నీ పీకేసినా వెంటనే పడితే తప్పు గోడలోని వైరింగ్‌లోనో, స్విచ్ బోర్డులోనో ఉంది. మళ్లీ మళ్లీ లేపవద్దు. ఇది ఎలక్ట్రీషియన్ పని. గోడకు ఈమధ్య ఎక్కడైనా మేకు కొట్టారా, టీవీ స్టాండుకు డ్రిల్లింగ్ చేశారా గుర్తు తెచ్చుకుని ఆయనకు చెప్పండి. స్విచ్ బోర్డులోకి బల్లి దూరి చచ్చినా, చీమలు పుట్ట పెట్టినా ఇలాగే అవుతుంది.

6) నిలిస్తే, మొదట లైట్లు, ఫ్యాన్లు ఒక్కొక్కటిగా వేయండి. ఒక్కో దానికీ నిమిషం ఆగండి. తర్వాత ప్లగ్గులు ఒక్కొక్కటిగా పెట్టి స్విచ్ వేయండి.

7) ఏది వేయగానే పడిందో ఆ వస్తువును పక్కన పెట్టి, ఎంసీబీ లేపి మిగతావన్నీ నడపండి. ఒక పూట నిలిస్తే దొంగ దొరికినట్టే.

8) అనుమానం ఉన్న వస్తువును వేరే లైను ప్లగ్గులో పెట్టి చూడండి. అక్కడా పడితే తప్పు వస్తువుది. అక్కడ బాగా నడిస్తే తప్పు మొదటి ప్లగ్గుదో, ఆ లైను మీది లోడుదో.

9) విడివిడిగా అన్నీ బాగానే నడిచి, కలిపి నడిపినప్పుడే పడితే లోడు లెక్క చూడాలి.

5. లోడు లెక్క

వస్తువు వెనక రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి.

ఒక ఇంటి పొద్దుటి పూట చూడండి. గీజర్ 2000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 1800, ఇస్త్రీ పెట్టె 1000. మొత్తం 4800 వాట్లు, అంటే దాదాపు 21 ఆంప్స్. మూడూ ఒకే 16 ఆంప్స్ ఎంసీబీ మీద ఉన్నాయనుకుందాం.

ఇక్కడే జనం అయోమయపడతారు. "నిన్న ఇవన్నీ కలిపి వేస్తే పడలేదు, ఇవాళ ఎందుకు పడింది?" అంటారు. 16 ఆంప్స్ ఎంసీబీ 16 దాటగానే పడేలా తయారు కాదు. 18 ఆంప్స్ దాకా గంటసేపు నిలవాలి. 23 ఆంప్స్ దాటితే గంటలోపు పడిపోవాలి. 40 ఆంప్స్ పోతే నిమిషంలోపు పడాలి. 18కీ 23కీ మధ్య ఉన్నదంతా అటూ ఇటూ కాని చోటు. మీ 21 అక్కడే ఉంది. చల్లటి పొద్దున నిలుస్తుంది, వేడి ఉన్న రోజు పడుతుంది. గీజర్ నీళ్లు త్వరగా కాగి ఆగిపోతే నిలుస్తుంది, నలుగురు వరసగా స్నానం చేస్తే పడుతుంది.

మామూలుగా ఇళ్లలో ఉండే బరువు వస్తువులు:

- గీజర్: 2000 వాట్లు, కొన్ని 3000
- నీళ్లు కాగబెట్టే రాడ్డు: 1500
- ఇండక్షన్ పొయ్యి: 1800 నుంచి 2000
- ఒకటిన్నర టన్ను ఏసీ: 1500 నుంచి 1800
- ఇస్త్రీ పెట్టె: 1000
- మిక్సీ: 500 నుంచి 750
- కూలర్: 150 నుంచి 250

పరిష్కారం రెండు రకాలు. ఖర్చు లేనిది, గీజర్ నడిచేటప్పుడు ఇస్త్రీ, ఇండక్షన్ ఆపడం. శాశ్వతమైనది, గీజర్‌కు ఒకటి, ఏసీకి ఒకటి, వంటింటి ప్లగ్గులకు ఒకటి చొప్పున బోర్డు నుంచి వేరే వైరు, వేరే ఎంసీబీ వేయించడం. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి నాలుగు వస్తువులు తగిలించడం పరిష్కారం కాదు. ప్లగ్గులు నాలుగైనా వెనకున్న వైరు ఒక్కటే.

వైరుకు తగిన ఎంసీబీ ఎంతో గుర్తు పెట్టుకోండి:

- లైట్లు, ఫ్యాన్లకు 1.5 (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు: 6 లేదా 10 ఆంప్స్
- పవర్ ప్లగ్గులకు 2.5 వైరు: 16 ఆంప్స్
- ఏసీ, పెద్ద గీజర్‌కు 4 వైరు: 20 లేదా 25 ఆంప్స్

ఓల్టేజీ తగ్గినప్పుడు ఇంకో సంగతి ఉంది. గీజర్, ఇస్త్రీ పెట్టె తక్కువ ఓల్టేజీలో తక్కువ కరెంటే తీసుకుంటాయి. మోటరు, పాత రకం ఏసీ మాత్రం ఎక్కువ గుంజుతాయి. వేసవి రాత్రుల్లో ఊరంతా ఏసీలు వేసి ఓల్టేజీ పడిపోయినప్పుడు ఏసీ ఎంసీబీ పడుతుంటే కారణం ఇది కావచ్చు.

6. స్క్రూ వదులు

లోడు లెక్కకు లోబడే ఉన్నా అరగంటకు పడుతోందంటే ఎంసీబీ కింద వైరు బిగించిన స్క్రూ వదులై ఉండొచ్చు. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి ఎంసీబీ పడుతుంది. గుర్తులు: లైట్లు మినుకుమనడం, ఒక ఎంసీబీ మాత్రమే పక్కవాటి కంటే బాగా వేడిగా ఉండటం, దాని కింద ప్లాస్టిక్ రంగు మారడం.

ఇది మూత విప్పే పని, అందుకే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఆయన చేస్తున్నప్పుడు మూడు విషయాలు చూడండి. నల్లబడిన వైరు చివర కోసేసి కొత్తగా ఒలిచారా? స్క్రూ రాగి మీద పడిందా, పైనున్న ప్లాస్టిక్ మీదా? పని కాగానే మిగతా స్క్రూలన్నీ కూడా బిగించి చూశారా? నల్లబడిన వైరునే మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకు అదే కథ.

7. ఆర్‌సీసీబీ పడితే

దీనితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇది పడిందంటే కరెంటు ఎక్కడో దారి తప్పుతోంది. ఆ దారిలో రేపు మీ ఇంట్లో మనిషి ఉండొచ్చు.

1) కింది ఎంసీబీలన్నీ ఆపి, ఆర్‌సీసీబీ లేపండి.

2) నిలిస్తే ఎంసీబీలు ఒక్కొక్కటిగా లేపుతూ పోండి. ఏది లేపగానే ఆర్‌సీసీబీ పడిందో తప్పు ఆ లైనులో ఉంది.

3) ఆ లైనులో ప్లగ్గులన్నీ పీకి, మళ్లీ లేపి, ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. ఇక్కడ ప్లగ్గు పీకడం మరీ ముఖ్యం. స్విచ్ ఫేజును (కరెంటు తెచ్చే వైరును) మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) కలిసే ఉంటుంది. వస్తువు లోపల న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతుంటే స్విచ్ ఆపినా ఆర్‌సీసీబీ పడుతుంది.

4) ఏ లైను లేపినా, కొంచెం లోడు వేయగానే పడుతుంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోంది, లేదా రెండు లైన్ల న్యూట్రళ్లు కలిసిపోయాయి. కొత్తగా ఇన్వర్టర్ పెట్టించాక మొదలైతే ఇదే ముందుగా అనుమానించాలి. ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందు ఒకచోట, తర్వాత ఒకచోట కలిపేస్తే లైటు వేసినా పడుతుంది. పెట్టిన మనిషినే పిలిచి సరిచేయించండి.

5) ఏ ఒక్కదానితోనూ పడక, అన్నీ నడిచినప్పుడే అప్పుడప్పుడు పడుతుంటే చిన్న చిన్న లీకేజీలు కూడుతున్నాయి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందా అని కొలిచే మీటరు) లైను లైనుకూ కొలిస్తే తెలుస్తుంది. అది ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిన లైనును వదలవద్దు. మెగ్గర్ పెట్టేముందు టీవీ, ఫ్రిజ్, ఎల్‌ఈడీ లైట్లు విడదీయాలి, లేకపోతే కాలిపోతాయి.

మన జిల్లాల్లో ఆర్‌సీసీబీని పడేసే వస్తువుల్లో ముందుండేది గీజర్. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. కాగే రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టి, రాడ్డు అతిగా వేడెక్కి, పై తొడుగు పగిలి, నీళ్లు లోపలికి దిగుతాయి. అప్పుడు గీజర్ వేడి చేస్తూనే ఉంటుంది, కరెంటు నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. గీజర్ పీకితే ఆర్‌సీసీబీ నిలుస్తోందంటే ఆ గీజర్‌ను మరమ్మతు చేసేదాకా వాడవద్దు. రాడ్డు మార్పించండి, ఏటా ఒకసారి పెచ్చు తీయించండి.

రెండోది ఇనుప కూలర్. నీళ్ల పంపు తడిసి లీకయితే కూలర్ డబ్బా మొత్తం షాక్ కొడుతుంది. పంపు ప్లగ్గును విడిగా పీకి చూస్తే తేలుతుంది. కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకండి.

ఎర్తింగ్ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర చాలాచోట్ల అడుగున రాయి, పైన మొరం. ఎండాకాలం గుంత ఎండిపోతే ఎర్త్ బలం తగ్గుతుంది. ఎర్తింగ్ పైపులో వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి.

8. మోటరు వేసినప్పుడే పడితే

1 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 6 నుంచి 8 ఆంప్స్ తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు గుంజుతుంది. బీ రకం ఎంసీబీ తన మీద రాసిన ఆంప్స్‌కు మూడు నుంచి ఐదు రెట్ల దగ్గరే తక్షణం పడుతుంది. సీ రకం ఐదు రెట్ల దాకా ఓర్చుకుంటుంది, ఐదు నుంచి పది రెట్ల మధ్య పడుతుంది. కాబట్టి మోటరు లైనుకు సీ రకం ఉందో లేదో ముందు చూడండి.

ఇన్నాళ్లూ నడిచి ఇప్పుడు పడుతుంటే ఎంసీబీని కాదు, మోటరును చూడాలి. గుయ్‌మని మోగుతూ తిరగకపోతే కెపాసిటర్ పోయిందో, లోపల ఇసుక పట్టి బిగుసుకుందో. ఆ స్థితిలో పదే పదే స్విచ్ వేస్తే వైండింగ్ కాలుతుంది. కెపాసిటర్ ఖర్చు వేరు, మోటరు పైకి తీసి వైండింగ్ చేయించే ఖర్చు వేరు.

9. వాన పడ్డాకే పడితే

గేటు లైటు, డాబా మీది లైటు, ట్యాంకు ఫ్లోటు స్విచ్, మోటరు దగ్గరి వైరు అతుకులు, ఈ నాలుగూ వరసగా చూడండి. ఉత్త టేపు చుట్టిన అతుకు ఒక వానాకాలం కూడా ఆగదు, దాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టించండి. బయటి లైట్లన్నిటినీ వేరే ఎంసీబీ మీదకు మార్పిస్తే వాన రాత్రి ఇల్లంతా చీకటి కాదు. స్లాబు కారే చోట ఫ్యాను హుక్కులోంచి నీళ్లు దిగుతుంటే ఆ గది లైను ఆపి ఉంచి, ఆరాకే వేయండి.

ఇనుప తీగ దండెం కరెంటు వైరుకో, రేకుల షెడ్డుకో తగలకుండా చూడండి. తడి బట్టలు ఆరేస్తూ షాక్‌తో పోయిన ప్రాణాలు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. నైలాన్ తాడు కట్టుకోండి.

10. జనం చేసే తప్పులు, వాటికి మందు

- గీజర్ ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టడం. ఆర్‌సీసీబీ పడటం ఆగుతుంది, గీజర్ లోపలి కరెంటు నీళ్లలోనే ఉండిపోతుంది. ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు. ప్లగ్గు మార్చి, గీజర్ బాగు చేయించండి.
- ఆర్‌సీసీబీని తప్పించి లైను కలపడం. "రేపు వచ్చి చేస్తా, ఇవాళ్టికి డైరెక్ట్ ఇస్తున్నా" అన్న మాట ఒప్పుకోవద్దు. తప్పున్న లైను ఒక్కటి ఆపి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు.
- మీటకు కర్రముక్క అడ్డం పెట్టడం, టేపు వేయడం. మీట పైకే ఉన్నా లోపల ఎంసీబీ పడుతుంది. దీనితో వచ్చే లాభం ఏమీ లేదు.
- టెస్టర్ వెలిగితే అంతా బాగున్నట్టే అనుకోవడం. న్యూట్రల్ తెగినా టెస్టర్ వెలుగుతుంది, కొన్నిసార్లు ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. కొలతకు మల్టీమీటర్ కావాలి.
- కారణం చూడకుండా ఎంసీబీ మార్చడం. ఎంసీబీలూ పాడవుతాయి, నిజమే. కానీ లోడు, వైరు, స్క్రూ అన్నీ చూశాక చివరన అనుమానించాల్సింది దాన్ని. అదే రేటింగ్ ఉన్న పక్క ఎంసీబీకి లైను మార్పించి చూస్తే నిజం బయటపడుతుంది.

మార్చక తప్పకపోతే పాతదాని రేటింగ్, రకం అవే ఉండాలి. ఐఎస్ఐ గుర్తు, దీర్ఘచతురస్రంలో 10000 అన్న అంకె చూసి కొనండి. బిల్లు తీసుకోండి.

11. ఎవరిని పిలవాలి

పక్కింట్లో కూడా కరెంటు లేకపోయినా, స్తంభం దగ్గర నిప్పురవ్వలు కనిపించినా, మీటరు డబ్బా వేడెక్కినా 1912కు ఫోను చేయండి. అది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ నంబరు. బిల్లు మీద ఉండే సర్వీసు నంబరు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది.

త్రీఫేజు ఇంట్లో కొన్ని బల్బులు మరీ ఎక్కువగా వెలిగి, కొన్ని మసకబారితే న్యూట్రల్ వదులైనట్టు. ఏమీ వెతకవద్దు, వెంటనే మెయిన్ ఆపి అప్పుడు ఫోను చేయండి. ఆలస్యమైతే టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి.

మీటరు తర్వాత ఉన్నదంతా మీ ఎలక్ట్రీషియన్ పని. ఆయన రాగానే చెప్పాల్సినవి:

- పడింది ఎంసీబీనా, ఆర్‌సీసీబీనా, ఏ లైనుది
- వెంటనే పడుతోందా, ఎంతసేపటికి పడుతోంది
- ప్లగ్గులన్నీ పీకినా పడిందా
- అప్పుడు నడుస్తున్న వస్తువులు, వాన, ఓల్టేజీ
- ఈమధ్య ఇంట్లో జరిగిన పని: డ్రిల్లింగ్, కొత్త ఏసీ, ఇన్వర్టర్

పని అయ్యాక ఏ మీట ఏ గదిదో ఆయన ఉండగానే ప్రతి ఎంసీబీ కింద చీటీ అంటించండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ ఆయన ముందే నొక్కి చూడండి. వెంటనే పడాలి. పడకపోతే దాన్ని మార్పించాల్సిందే. ఆ తర్వాత నెలకోసారి మీరే నొక్కి చూసుకోండి.